జైసల్మేర్‌కు నీళ్లు ఎక్కువయ్యాయి

దేశంలో జైసల్మేర్ తర్వాత వాన బాగా తక్కువ పడేది మన అనంతపురం జిల్లాలోనే అన్న మాట తెలుగునాట ఎన్నేళ్లుగానో చెలామణిలో ఉంది. వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో, ఎన్నికల సభల్లో నలిగి నలిగి అరిగిన నాణెంలా అయిపోయింది. అది నిజం కాదు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జైసల్మేర్‌లో పడేది 200కు అటూ ఇటూ, పాత లెక్కల్లో అయితే అంతకంటే తక్కువే. ఈ రెంటి మధ్యా బార్మేర్, బికనేర్, శ్రీగంగానగర్, కచ్ వరసగా ఉన్నాయి. లద్దాఖ్‌లోని లేహ్ జైసల్మేర్‌కంటే కూడా అడుగున ఉంది. అయినా ఈ పోలిక మన నోట్లోంచి పోదు. కరువు అనేది ఆకాశం నుంచి రాలే మిల్లీమీటర్లను బట్టి వస్తుందన్న నమ్మకం దాని వెనక ఉంది కాబట్టి. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాలంటే జైసల్మేర్‌ను మించిన ఊరు లేదు. ఎనిమిదిన్నర శతాబ్దాలుగా ఆ ఊరు అక్కడే ఉంది, అందులో ఎనిమిది శతాబ్దాలు ఆ కాస్త వానతోనే నెట్టుకొచ్చింది. దాని కోట గోడలు చెమ్మగిల్లడం, బురుజులు జారడం మొదలైంది మాత్రం కరువులో కాదు, పైపులో నీళ్లొచ్చి ఇంటింటికీ కుళాయి బిగించాక. ఆ ఊరిని ఇప్పుడు కుంగదీస్తున్నది నీటి కొరత కంటే నీటి కొలత తప్పడమేనన్నది నా వాదన.

ముందు ఆ వాన సంగతి. బంగాళాఖాతం నుంచి బయల్దేరిన రుతుపవనం గంగా మైదానమంతా కురిసి కురిసి థార్ చేరేసరికి దాదాపు ఖాళీ అయిపోతుంది. అరేబియా సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి ఆరావళి కొండలు అడ్డంగా లేవు, దాని దారి వెంటే సాగుతాయి. అడ్డం లేని మబ్బు ఆగదు. పైగా ఆ ప్రాంతం మీద ఎగువ గాలి కిందికి దిగుతూ ఉంటుంది కాబట్టి మబ్బు పైకి లేచి గట్టిపడే అవకాశమూ తక్కువ. ఏడాది మొత్తం మీద వాన పడే రోజులు పదో పదిహేనో. ఎండకూ గాలికీ ఆవిరైపోగల నీటి లోతు మాత్రం ఏటా 2,000 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అంటే పడేదానికి పదింతలు. వేసవిలో 45 డిగ్రీలు దాటడం అక్కడ వార్త కాదు. పొరుగున ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అదే నేల గడ్డకట్టే చలి దరిదాపులకు పోతుంది. అక్కడ సగటు వర్షపాతం అనే అంకెను నమ్ముకుని ఎవరూ బతకలేదు. సగటులో సగం కూడా పడని ఏళ్లు, దానికి రెట్టింపు పడే ఏళ్లు అక్కడ మామూలే. ఊరికి 17 కిలోమీటర్ల దూరంలో అకల్ అనే చోట రాయిగా మారిన చెట్ల మొద్దులు పడి ఉన్నాయి. వాటి వయసు సుమారు 18 కోట్ల సంవత్సరాలు. ఒకప్పుడు అక్కడ తేమగల అడవి ఉండేదనడానికి అవే సాక్ష్యం.

భాటీ రాజపుత్రుల పాత రాజధాని లోద్రవా. అది మైదానంలో ఉంది, కొల్లగొట్టడం తేలిక. 1156లో రావల్ జైసల్ దాన్ని వదిలి పదిహేను కిలోమీటర్ల ఆవల త్రికూట గుట్ట మీద కోట మొదలుపెట్టాడు. ఆ గుట్ట మీద కృష్ణుడు రాతిని చీల్చి ఊట పుట్టించాడని స్థలపురాణం. పురాణాన్ని నమ్మాలా వద్దా అన్నది పక్కనపెడితే, ఊరు పుట్టుక కథే నీటి కథ కావడం గమనించాలి. కోటను పసుపుపచ్చ ఇసుకరాయితో, సున్నం వాడకుండా, రాయిలో రాయి గుచ్చి కట్టారు. ఇప్పుడు కనిపించే 99 బురుజుల్లో 92 ఆ తర్వాతెప్పుడో, 1633కూ 1647కూ మధ్య లేచినవి. గుజరాత్, మాళవల నుంచి సింధ్, ముల్తాన్‌లకు పోయే ఒంటెల బిడారులు ఆ దారిన పోయేవి. సుంకం రాజుకు, లాభం జైన వర్తకులకు. ఆ లాభమే కోటలో జైన ఆలయాలుగా, తాళపత్రాల భాండాగారంగా, కోట కింద పట్వాల హవేలీలుగా మారింది. ఊరు నిలబడింది దారిని నమ్ముకుని. దారిన పోయేవాళ్లకు నీళ్లు చూపించగలగడమే దాని అసలు పెట్టుబడి.

ఆ నీళ్లు ఎలా చూపించారన్నది వివరంగా చెప్పుకోవలసిన సంగతి. అక్కడివాళ్లు నీటిని మూడు రకాలుగా పిలుస్తారు. వానగా పడి పైన నిలిచేది పాలర్ పానీ. బావి అట్టడుగున, చాలాచోట్ల ఉప్పగా ఉండేది పాతాళ్ పానీ. ఈ రెండూ కానిది, ఇసుకలోకి ఇంకి ఉప్పునీటిలో కలవకుండా మధ్యలో ఆగేది రేజాణీ పానీ. దాన్ని ఆపేది ఇసుక కింద పరుచుకున్న జిప్సం పొర. ఆ పొర ఎక్కడుందో తెలిసినవాళ్లు దాని మీదుగా కుయీ తవ్వుతారు. మన వైపు ఎండిన ఏటి ఇసుకలో తీసే చెలమకు అది చుట్టమే, కాకపోతే ముప్పై నలభై మూరల లోతున్న చెలమ. వెడల్పు మాత్రం మనిషి కూర్చుని పొట్టి పిడి పనిముట్టుతో తవ్వుకోగలిగినంతే. లోపల ఊపిరాడని ఉక్క. అందుకని పైన ఉన్నవాళ్లు ఉండుండి గుప్పెడు ఇసుకను జోరుగా లోపలికి విసురుతుంటారు. ఇసుకతోపాటు పైనున్న చల్లగాలి కిందికి దిగుతుంది, తవ్వేవాడి తల మీద లోహపు గిన్నె ఇసుక దెబ్బను కాస్తుంది. ఇంత కష్టపడితే రోజుకు దక్కేది రెండు మూడు కుండలు. ఇంకో నియమం ఉంది, నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది అదే. కుయీ ఇంటివాళ్లదే, కానీ అది ఉన్న నేల ఊరిది. కొత్త కుయీ తవ్వాలంటే ఊరు ఒప్పుకోవాలి. ఎందుకంటే ఇసుకలో ఉన్న చెమ్మ అంతే. కొత్త కుయీ కొత్త నీళ్లు తేదు, ఉన్న నీళ్లలోనే వాటా తీసుకుంటుంది. బోరు పక్కన బోరు వేసుకుంటూ పోయిన మన జిల్లాలకు ఈ ముక్క వేరే విడమరచి చెప్పనక్కర్లేదు.

కొలత అంటే ఏమిటో అంకెల్లో చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. ఏడాదికి 180 మిల్లీమీటర్లు అనుకుంటే, 50 చదరపు మీటర్ల మిద్దె మీద పడే నీళ్లు 9,000 లీటర్లు. మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున తాగడానికీ వంటకూ ఐదుగురున్న ఇంట్లో 25 లీటర్లు. భాగిస్తే 360 రోజులు వస్తుంది. కొంత ఆవిరైపోయినా, మొదటి వాన మురికిని వదిలేసినా, నేలలో తవ్విన టాంకాలో దాచుకున్న ఆ నీళ్లు ఏడాదిలో ఎక్కువ భాగం గడుపుతాయి. పొలం లెక్క ఇంకా విచిత్రం. పాలీవాల్ బ్రాహ్మణులు దాదాపు ఐదారు వందల ఏళ్ల కిందట పాదుకొల్పిన ఖడీన్ అనే పద్ధతి ఉంది. పైన రాతి వాలు, కింద ఒండ్రు పల్లం, పల్లానికి అడ్డంగా మట్టికట్ట, కట్టకు అలుగు. వాలు మీద పడిన వాన పల్లంలోకి జారి కట్ట వెనక నిలుస్తుంది, నేలను లోతుగా తడిపి ఇంకిపోతుంది. శీతాకాలం మొదట్లో ఆ చెమ్మలోనే గోధుమో శనగో చల్లుతారు, మళ్లీ తడి పెట్టరు. ఒక ఎకరం పల్లానికి పది పదిహేను ఎకరాల వాలు ఉండాలని వాళ్ల లెక్క. పదిహేను ఎకరాల మీద పడిన 180 మిల్లీమీటర్లలో ఐదో వంతు మాత్రమే కిందికి చేరిందనుకున్నా, ఆ ఎకరానికి 540 మిల్లీమీటర్లు దక్కినట్టు. దాని మీద నేరుగా పడిన 180 కలిపితే 720. అనంతపురం చేలో పడే వానకంటే ఎక్కువ! కట్టకు దిగువన బావి తవ్వుకుంటే ఊరిన తీపి నీళ్లు తాగడానికి అదనం. ఈ పాలీవాల్‌లు పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వదిలిపోయిన కుల్‌ధరా ఇప్పుడు దయ్యాల ఊరుగా పేరుమోసింది. రాత్రికి రాత్రే శాపం పెట్టి పోయారన్న కథకే గిరాకీ ఎక్కువ. దివాను సాలిం సింగ్ వేసిన పన్నుల మాటా, తగ్గిపోయిన నీటి మాటా వినేవాళ్లు తక్కువ. వాళ్లు కట్టిన తరహా ఖడీన్‌లలో ఇవాళ్టికీ శనగ పండుతోందని చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. దయ్యానికి టికెట్టు పెట్టొచ్చు, శనగ చేనుకు పెట్టలేం కదా.

ఊరికి మాత్రం ప్రధాన ఆధారం గడీసర్ చెరువు. పద్నాలుగో శతాబ్దంలో మహారావల్ గడ్సీ దానికి ఇప్పటి రూపం ఇచ్చాడంటారు. చెరువు కంటే ముందు చూడాల్సింది దాని ఆగోర్, అంటే నీళ్లు జారివచ్చే మేర. అక్కడ చెప్పులతో నడవడం, పశువుల్ని తోలడం, బహిర్భూమికి పోవడం ఒకప్పుడు నిషేధం. చెరువు నిండాక అలుగు పారిన నీళ్లూ వృథా పోయేవి కావు. నౌతాల్, గోవిందసర్, జోషీసర్, గులాబ్‌సర్ అంటూ ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న కుంటలకు పోయేవి. మన కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు గుర్తొస్తే తప్పు లేదు, తేడా అల్లా అక్కడ వాన ఐదో వంతు. కోటలోకి కుళాయి వచ్చేదాకా ఆడవాళ్లు ఆ చెరువు నుంచే బిందెలు ఎత్తుకుని గుట్ట ఎక్కేవాళ్లు. నెత్తిన మోసి తెచ్చిన నీటిని ఎవరూ పారబోయరు. కోట లోపలి వాన నీటిని బయటికి పంపడానికి రాతి కాలువలు ఉండేవి, వాటిని ఘుట్ నాలీలు అంటారు. ఇంట్లో వాడి పారబోసే నీటికంటూ పెద్ద ఏర్పాటు అక్కర్లేకపోయింది, పారబోయడానికి మిగిలేదే కాదు కనుక.

ఊరి దశ తిరగబడింది నీటివల్ల కాదు. ఓడలూ రైళ్లూ వచ్చి వర్తకం బొంబాయి వైపు మళ్లింది. 1947లో సింధ్ దారి పూర్తిగా మూసుకుపోయింది. ఆ తర్వాత జైసల్మేర్‌ను మళ్లీ దేశం పటం మీదికి తెచ్చినవి యుద్ధాలే. 1965, 1971 యుద్ధాల పుణ్యమా అని రోడ్లూ రైలూ వచ్చాయి. 1971లో పోరు జరిగిన లోంగేవాలా ఈ జిల్లాలోదే, అణుపరీక్షల పోఖ్రాన్ కూడా. 1974లో సత్యజిత్ రాయ్ సినిమా సోనార్ కెల్లా వచ్చింది, వెనకే బెంగాలీ పర్యాటకులు వచ్చారు. క్రమంగా కోట లోపలి ఇళ్లు హోటళ్లయ్యాయి. 1901లో ఏడు వేల చిల్లర జనాభా ఉన్న ఊరు 2011 నాటికి 65 వేలు దాటింది. ఇక కాలువ సంగతి. పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ కలిసేచోట ఉన్న హరీకే బరాజ్ నుంచి బయల్దేరే రాజస్థాన్ కాలువకు 1958లో శంకుస్థాపన జరిగింది. తర్వాత దానికి ఇందిరా గాంధీ పేరు పెట్టారు. 649 కిలోమీటర్లు పారి జైసల్మేర్ జిల్లా మోహన్‌గఢ్ వైపు ముగుస్తుంది. దాని నీళ్లు జైసల్మేర్‌కు అందడంతో ఊరి నీటి లెక్క పూర్తిగా మారిపోయింది.

కోటను మోసే త్రికూట గుట్ట గట్టి నల్లరాయి కాదు. ఇసుకరాయి పొరలూ బంకమట్టి పొరలూ కలిసిన గుట్ట. పొడిగా ఉన్నంతకాలం దాని మీద ఎంత బరువు పెట్టినా మోస్తుంది. తడిస్తే బంకమట్టి ఉబ్బుతుంది, మెత్తబడి జారుతుంది. కోటలో నేటికీ వేలమంది కాపురం ఉంటున్నారు, హోటళ్లలో స్నానాల గదులు, ఫ్లష్ దొడ్లు వచ్చాయి. ఆ నీరంతా పాత రాతి కాలువలకు మించిపోయింది. కొత్తగా వేసిన మురుగు పైపులు కారాయి. కారిన నీరు పునాదుల్లోకి దిగింది. 1990లలో బురుజులు కొన్ని జారిపడ్డాయి, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తన ప్రమాద జాబితాలో 1996, 1998, 2000 సంవత్సరాల్లో ఈ కోట పేరు చేర్చింది. 2013లో రాజస్థాన్ గిరిదుర్గాలలో ఒకటిగా యునెస్కో గుర్తింపు దక్కింది. ముట్టడులకు తట్టుకున్న కోటను లోపలి నుంచి, రోజుకు ఇన్ని బక్కెట్ల చొప్పున కరిగిస్తున్నాం. కోట ఇళ్ల మిద్దెల తీరు చూసినా ఇదే కనిపిస్తుంది. చెక్క దూలాల మీద మందంగా మట్టి పరిచి వేసిన మిద్దె అది. ఎండ వేడిని ఆపడంలో దానికి సాటి లేదు. ఎడతెరిపి లేని వానకు మాత్రం అది పనికిరాదు. నానిన మట్టి బరువుకు దూలం విరుగుతుంది.

ఇందాక చెప్పిన జిప్సం పొర దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే నా వాదనకు అంతకంటే మంచి సాక్షి లేదు. కొద్దిపాటి వాన పడిన కాలంలో ఆ పొర తీపి నీటిని ఉప్పునీటిలో పడకుండా ఆపి కుయీని బతికించింది. అదే రకం పొర మీద కాలువ నీళ్లు పారించి, ఎకరం తడపాల్సిన నీటిని మోతాదు మించి పెడితే ఇంకడానికి చోటు లేక పైకి లేచి ఉప్పును మోసుకొచ్చింది. కాలువ ఎగువ భాగంలో, హనుమాన్‌గఢ్, సూరత్‌గఢ్ వైపు, చేలు చేలుగా చవుడుబారాయి. అక్కడివాళ్లు దాన్ని సేమ్ అంటారు. ఇక 2006 ఆగస్టులో పొరుగు జిల్లా బార్మేర్‌లో మూడు రోజుల్లో 577 మిల్లీమీటర్ల వాన పడింది, అంటే ఆ జిల్లాకు రెండేళ్ల వాన. నూరుమందికి పైగా చనిపోయారు. కవాస్ అనే ఊరు నెలల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. ఎడారిలో ఇసుక ఉంటే నీళ్లు ఇంకిపోవా అని అందరూ ఆశ్చర్యపోయారు. ఇంకలేదు, కింద జిప్సం ఉంది. పొర మారలేదు, మారినదల్లా దాని మీదికి వచ్చిన నీటి పరిమాణం. ఒక వయసులో చెలమకు అడుగు అయిన పొర, ఇంకో వయసులో చవుడు నేలకు, మరో వయసులో ముంపు ఊరికి అడుగయింది. నీళ్లు మంచివా చెడ్డవా అని అడిగితే ఆ నేల దగ్గర జవాబు ఉండదు, ఎన్ని నీళ్లు అని అడగాలి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనది. పాతకాలపు నీటి వ్యవస్థను ఇంతగా పొగడటం కొరతను అందంగా చూపడం కాదా అంటారు. అనుపమ్ మిశ్ర 1993లో రాసిన ఆజ్ భీ ఖరే హై తాలాబ్ పుస్తకం వచ్చినప్పటి నుంచి ఈ ధోరణి పెరిగిందని కూడా అంటారు. చరిత్ర ఆ అభ్యంతరానికి బలమైన అంకెలే ఇస్తుంది. విక్రమ సంవత్సరం 1956లో, అంటే 1899-1900లో వచ్చిన కరువును రాజస్థాన్‌లో ఛప్పనియా అకాల్ అని నేటికీ తలుచుకుంటారు. జైసల్మేర్ సంస్థానం జనాభా 1901 నాటికి 73,370కి పడిపోయింది, పదేళ్లలో మూడో వంతుకు పైగా తరుగుదల. చచ్చినవాళ్లు చావగా మిగిలినవాళ్లు సింధ్ వైపు వలసపోయారు. చెరువులో ఎవరు ముంచుకోవాలి, ఎవరు దూరంగా నిలబడాలి అన్నది కులం తేల్చేది. నీళ్లు మోసిందీ ఆడవాళ్లే, మగవాళ్లు కాదు. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. కాకపోతే ఛప్పనియాలో ముందు ఎండినవి మేత, తిండి. ఖడీన్ ఎంత తెలివైనదైనా వాలు మీద వాన చుక్క పడకపోతే చేసేదేమీ లేదు. ఆ రోజుల్లో ధాన్యం తేవడానికి రైలు లేదు, పని చూపే సర్కారు లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. కరువులో మనిషిని కాపాడాల్సిన బాధ్యత చెరువు మీద పెట్టమని నేను అనడం లేదు. మామూలు ఏటికి సరిపడే లెక్క తెలిసిన వ్యవస్థను, కరువు ఏటిని చూపించి పారేయడం తెలివి కాదంటున్నాను. కులం కట్టిన కంచెను కూల్చడానికి ఆగోర్ మీద కట్టడాలు లేపనక్కర్లేదు కదా.

రెండో అభ్యంతరం కాలువది. ఆ కాలువ లేకపోతే ఇన్ని లక్షల మంది అక్కడ బతికేవాళ్లా అని. బతికేవాళ్లు కాదు. కాలువ వచ్చి గొంతు తడిపిందన్నది కాదనలేని నిజం, ఎక్కడో దూరాన కూర్చుని రాసేవాళ్లకు దాన్ని తీసిపారేసే హక్కు లేదు. కానీ దాని మీదే ఆధారపడటం వేరు. లైనింగ్ మరమ్మతుల కోసం ఎండాకాలంలోనే కాలువను వారాల తరబడి ఆపేస్తారు, దాన్ని అక్కడ నహర్‌బందీ అంటారు. ఆ వారాల్లో పశ్చిమ రాజస్థాన్ ఊళ్లలో కుళాయి రోజు విడిచి రోజు, ఒక్కోచోట ఇంకా ఆలస్యంగా వస్తుంది. సరిగ్గా ఎండలు ముదిరే వేళకు వందల కిలోమీటర్ల అవతలి గేటు మీద ఒక ఊరు గొంతు పెట్టుకుని కూర్చుంటుంది. పక్కనే ఉన్న గడీసర్ మాత్రం నిండుగానే కనిపిస్తుంది, అది కూడా కాలువ నీళ్లతో నింపిందే. అందులో పడవలు తిరుగుతాయి, జనం చేపలకు రొట్టె ముక్కలు వేస్తుంటారు. ఎవరూ ఆ నీళ్లు తాగరు. తాగే చెరువు కాకపోయాక ఆగోర్‌కు కాపలా ఎందుకని ఎవరైనా అంటే కాదనడానికి ఏ వాదనా మిగలదు. కాలువను వద్దనడం కాదు, కాలువ ఆగిన వారాలను గడీసరూ దాని కింది కుంటలూ మిద్దెల మీది వానా కలిసి మోసేట్టు ఊరిని సిద్ధం చేయాలన్నది నా మాట. అందుకు లెక్క ఉంది, స్థలం ఉంది. లేనిది ఆగోర్‌ను ఖాళీ చేయించే తెగువే.

ఇంతకంటే పెద్ద ప్రశ్న ముందుంది. థార్ తడవబోతోందని శాస్త్రవేత్తలు అంటున్నారు. 2023లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం వాయవ్య భారతంలోనూ పాకిస్తాన్‌లోనూ ఉన్న మెట్టప్రాంతంలో 1901-2015 మధ్య వర్షపాతం 10 నుంచి 50 శాతం పెరిగింది. రుతుపవనం పడమరకు జరుగుతోందనీ, భూమి ఒక మోస్తరుగా వేడెక్కినా వాన 50 నుంచి 200 శాతం పెరగొచ్చనీ అందులోని అంచనా. ఈ అంచనాలు ఇలాగే తేలతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ఈ వార్త రాగానే థార్ పచ్చబడుతుందని సంబరపడ్డవాళ్లు కవాస్‌ను మరిచిపోయారు. పెరిగే వాన సన్నటి తుంపరగా రోజూ వచ్చి పలకరించదు, కుంభవృష్టిగా ఒక్కసారి మీద పడుతుంది. సున్నం లేని గోడకూ మట్టి మిద్దెకూ బంకమట్టి గుట్టకూ అది వరం ఎలా అవుతుంది? 2024 ఆగస్టు వానల్లో జైసల్మేర్ కోట బయటి గోడ కొంత భాగం కూలింది. ఆ ఏడాది చివర్లోనే ఇంకో ఘటన జరిగింది. డిసెంబరు 28న మోహన్‌గఢ్ దగ్గర ఒక పొలంలో బోరు వేస్తుంటే నీరు ఒత్తిడితో ఉవ్వెత్తున పైకి ఎగజిమ్మింది. బోరు లారీ యంత్రంతో సహా గోతిలో కూరుకుపోయింది, చుట్టూ చేలు మునిగాయి. సరస్వతి నది బయటపడిందని దేశమంతా వీడియోలు తిరిగాయి. పొరల మధ్య ఒత్తిడిలో ఇరుక్కున్న నీటికి రంధ్రం పడితే ఇలాగే ఎగజిమ్ముతుందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పిన మాట ఆ హోరులో వినబడలేదు. ఎడారిలో నీరు కనబడగానే అది దేవుడి కానుకే అయి తీరాలన్న ఆ ఆత్రమే, కోట పైపుల్నీ కాలువ సాగునూ ఇక్కడిదాకా తెచ్చింది.

అందుకే కొన్ని పనులు వాయిదా వేయడానికి లేదు. మొదటిది, కోట లోపల హోటళ్ల సంఖ్యకు హద్దు పెట్టి, మురుగునూ వాన నీటినీ వేరుచేసి, పాత ఘుట్ నాలీలను మళ్లీ తెరవాలి. కోటవాసుల్ని మొత్తంగా దింపేయమనే వాదన ఒకటి తరచూ వినిపిస్తుంది. అది నాకు రుచించదు. జనం ఉన్న కోట కనుకే దానికి ఆ విలువ. ఎనిమిదిన్నర శతాబ్దాలుగా కాపురం ఉన్నవాళ్లను నేరస్థుల్ని చేయడంకంటే వాళ్ల బిల్లు మీద నీటి కొలతను చూపించడం మేలు.

రెండోది ఊరి బయటి నేల. జైసల్మేర్ చుట్టూ సౌర ఫలకాలూ గాలిమరలూ కనుచూపు మేర లేస్తున్నాయి. దేశానికి ఆ కరెంటు కావాలి, బొగ్గు మానాలంటే ఎక్కడో ఒకచోట పెట్టాలి అన్న వాదనతో నాకు పేచీ లేదు. పేచీ అల్లా ‘ఎక్కడ’ అన్నదానితోనే. రెవెన్యూ రికార్డుల్లో బంజరు అని రాసి ఉన్న రాతి నేలల్లో చాలా భాగం ఖడీన్‌కు నీళ్లు జార్చే వాలు, లేదా దేవుడి పేరున ఊళ్లు కాపాడుకొచ్చిన ఓరణ్. జైసల్మేర్ దగ్గరి దేగరాయ్ ఓరణ్ ఒక్కటే వేల బిఘాల విస్తీర్ణం. సౌర ఫలకం వానను ఆపదు నిజమే, కానీ దానికోసం వేసే రోడ్డూ చదునూ కంచే కలిసి నీటి దారిని మళ్లిస్తాయి. పదిహేను ఎకరాల వాలులో నాలుగు ఎకరాలు తెగితే కింద శనగ ఎండుతుంది. అక్కడ ఖాళీ అనుకున్న గడ్డి మైదానమే బట్టమేక పిట్టకు చివరి చోటు. దేశం మొత్తం మీద నూటయాభై కూడా మిగలని ఆ పక్షికి కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో మనమూ ఒక అభయారణ్యం పెట్టుకున్నాం. చుట్టూ సాగునీరు వచ్చి గడ్డి భూములు చేలుగా మారాక అది అక్కడ కనిపించడమే గగనమైంది. కరెంటు తీగలను భూమిలో వేయాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల సంఘానికి అప్పగించింది. అదే కోర్టు 2024 డిసెంబరు 18న ఓరణ్‌లను గుర్తించి పటాల్లోకి ఎక్కించి అడవులుగా ప్రకటించాలని రాజస్థాన్‌ను ఆదేశించింది. ఇక సర్వేయరు గీసే గీత మిగిలింది. చెట్లు కనబడే పల్లం దగ్గరే ఆ గీత ఆగుతుందా, లేక చెట్టూ చేమా లేని, ఉపగ్రహ చిత్రంలో ఉత్త రాయిగా కనిపించే పై వాలు దాకా పోతుందా అన్నదాని మీద వచ్చే ఏటి ఖడీన్‌లో శనగ విత్తాలా వద్దా అన్నది ఆధారపడి ఉంది.